యువజన సంఘం స్థలం అసలు ఎవరి పేరున ఉన్నట్టు? సొసైటీల చట్టం తెలిసినవాళ్లు చెప్పండి

గట్టుమీద_కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే సగం చెబితే సగం సలహాలే వస్తాయి.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. ఊళ్లో యువజన సంఘం మా నాన్న వయసువాళ్లు 1986లో పెట్టారు, 1988లో రిజిస్టర్ చేయించారు. సర్టిఫికెట్ ఉంది, దాని మీద 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం అని రాసుంది. సంఘానికి రోడ్డు పక్కన రెండు ముక్కల స్థలం ఉంది. మొదటిది 12 సెంట్లు. ఊరి పెద్దాయన ఒకాయన 1987లో ఇచ్చారు, అంటే రిజిస్ట్రేషన్ కాకముందే. తెల్లకాగితం మీద ఆయన సొంత చేతి రాత: "మన గ్రామ యువజన సంఘం వారికి గ్రంథాలయం, ఆటస్థలం నిమిత్తం శాశ్వతముగా ఇచ్చివేసితిని, ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు". కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అందులో చందాలతో రెండు గదుల బిల్డింగు కట్టారు. ఒక గదిలో లైబ్రరీ, ఇంకో గదిలో జిమ్ము. ముందు ఖాళీలో వాలీబాల్ కోర్టు. ఇంటి పన్ను, కరెంటు మీటరు రెండూ మొదటి నుంచీ సంఘం పేరునే.

రెండోది పక్కనే 4 సెంట్లు, 1994లో సంఘం డబ్బుతో కొన్నారు. ఇది రిజిస్టర్డ్ సేల్ డీడే. కానీ కొన్నవారి చోట అప్పటి అధ్యక్షుడి పేరు, వాళ్ల నాన్నగారి పేరు, వృత్తి వ్యవసాయం అని రాసి, చివర్లో "యువజన సంఘం అధ్యక్షులు" అని ఒక్క ముక్క చేర్చారు. ఆయన కరోనా టైములో పోయారు.

ఇప్పుడు రీసర్వే వచ్చింది. 12 సెంట్లకు 9(2) నోటీసు, అంటే సర్వే ఫలితం తెలిపే నోటీసు, దాత గారి మనవడి పేరున వచ్చింది, ఎందుకంటే 1బిలో (భూమి హక్కుల రికార్డులో) ఇప్పటికీ తాతగారి పేరే ఉంది. ఆ అబ్బాయి మ్యుటేషన్‌కి (రికార్డులో పేరు మార్పుకి) కూడా పెట్టుకున్నాడు. రోడ్డు వెడల్పు చేశాక అక్కడ సెంటు ధర ఎక్కడికో పోయింది, అదీ అసలు సంగతి. మేం సర్వేయర్ గారి దగ్గరికి వెళ్లి స్థలం సంఘానిది అంటే, "సంఘం అంటే ఎవరండీ, నేను ఎవరి ఆధార్ ఎక్కించాలి?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఇదే అదను అని పంచాయతీ వాళ్లు, ఊరి యువత స్థలం అంటే ఊరి స్థలమే కదా, మంచినీళ్ల ట్యాంకుకి ఇచ్చేయండి అంటున్నారు.

ఇంకో చిక్కు. 2006 తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో మేం ఏటా ఇవ్వాల్సిన పాలకవర్గం జాబితా దాఖలు చేయలేదు. బైలాలో సభ్యుల వయసు 15 నుంచి 35 అని ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకాలు పెట్టిన ఏడుగురిలో బతికున్న ఐదుగురికీ ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. మా కుర్రాళ్లం సంఘం పనులన్నీ చూస్తున్నాం గానీ మమ్మల్ని సభ్యులుగా చేర్చుకున్నట్టు కాగితం ఎక్కడా లేదు.

చట్టం ప్రకారం ఈ స్థలం ఎవరిది? దాత వారసులదా, పోయిన అధ్యక్షుడి పిల్లలదా, పంచాయతీదా, సంఘానిదా? అసలు సంఘం ఇంకా ఉన్నట్టా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

పాత_దస్తావేజు

నేను దస్తావేజులు రాసేవాణ్ని, వకీలును కాదు, కాబట్టి కాగితాల వరకే చెబుతాను.

ముందు తెల్లకాగితం. స్థిరాస్తి దానం చేస్తే దానపత్రం రిజిస్టర్ అయి తీరాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, దాత బతికుండగానే పుచ్చుకున్నవారు ఒప్పుకోవాలి. 1882 ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది ఇది. మీ దగ్గర సాక్షులున్నారు, ఒప్పుకోలు ఉంది, రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి ఆ కాగితం ఒక్కదానితో సంఘానికి హక్కు వచ్చేసిందని ఏ ఆఫీసూ ఒప్పుకోదు. అయినా దాన్ని పారేయకండి, లామినేషన్ అసలు చేయించకండి. లామినేట్ చేసిన కాగితం మీద సిరా, సంతకం పరీక్ష చేయించడం కష్టమవుతుంది.

4 సెంట్ల సంగతి. పేరు, తండ్రి పేరు, వృత్తి రాసి చివర్లో "అధ్యక్షులు" అని పెడితే అది ఆ మనిషి ఎవరో చెప్పే వర్ణన మాత్రమే అని వాదించడానికి ఎదుటివాళ్లకు సందు దొరుకుతుంది. సంఘం పేరు ముందు రాసి "తరఫున అధ్యక్షులు ఫలానా" అని ఉంటే ఈ గొడవే లేదు. ఆ రోజుల్లో రాయడానికి వచ్చినవాళ్లు మనిషినే చూసి రాసేవాళ్లు, సంఘాన్ని ఎవరూ మనిషిగా లెక్కపెట్టలేదు.

సవరణ దస్తావేజుతో సరిపెడదాం అని ఎవరైనా అంటే వినకండి. హద్దు తప్పు పడితేనో, సర్వే నంబరు తప్పు పడితేనో సవరణ. కొన్న మనిషినే మార్చడం సవరణ కిందికి రాదు. ఆయన వారసులంతా, అందరూ అంటే కూతుళ్లతో సహా, ఈ స్థలం సంఘం డబ్బుతో సంఘం కోసం కొన్నదే, మా నాన్నగారు సంఘం తరఫున మాత్రమే పేరు పెట్టుకున్నారు అని ఒప్పుకుంటూ సంఘానికి రిజిస్టర్డ్ దస్తావేజు రాసివ్వాలి. వాళ్ల ఇంట్లో మనసు మంచిగా ఉన్న రోజుల్లోనే ఈ పని అయిపోవాలి. ఇంకో తరం మారితే సంతకాలు పెట్టాల్సినవాళ్లు రెట్టింపవుతారు.

ఈ రోజే చేయాల్సిన పని: రెండు సర్వే నంబర్లకూ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయండి, 1994 సేల్ డీడ్ సర్టిఫైడ్ నకలు తీయండి. 12 సెంట్లు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో కూడా చూడండి.

మాజీ_సర్పంచ్

తమ్ముడూ, నేను రెండు టర్ములు సర్పంచ్‌గా చేశాను. నా మాట నీకు నచ్చకపోవచ్చు గానీ మనసులో ఉన్నది చెబుతాను. పంచాయతీకి ఇచ్చేయండి. సంఘాలు వస్తాయి పోతాయి. అధ్యక్షుడు ఉద్యోగానికి పోతాడు, కార్యదర్శి పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్తాడు, తలుపుకి తాళం పడుతుంది. తాళం పడిన బిల్డింగు మీద ఎవడో ఒకడి కన్ను పడుతుంది. పంచాయతీకి ఎన్నికలుంటాయి, రికార్డులుంటాయి, ఆస్తుల రిజిస్టరు ఉంటుంది, పైన అడిగేవాడు ఉంటాడు. మా ఊళ్లో అలాగే ఇప్పించాను, ఇవాళ్టికీ అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు.

ట్యాంకు వేరే చోట కట్టుకోమని షరతు పెట్టి తీర్మానం రాయించుకోండి.

మెట్ట_వకీలు

జిల్లా కోర్టులో ప్రాక్టీసు. సివిల్ పనే ఎక్కువ. మీ కాగితాలు చూడకుండా చివరి మాట చెప్పలేను గానీ, చట్టం ఎక్కడ నిలబడుతుందో చెబుతాను. అక్కడి నుంచే మీ సర్వేయర్ ప్రశ్నకి కూడా జవాబు వస్తుంది.

1860 చట్టంలో సొసైటీకి ఆస్తి ఉంటే, దానికి ట్రస్టీలు లేకపోతే, ఆ ఆస్తి "ప్రస్తుతానికి పాలకవర్గం చేతిలో ఉన్నట్టు భావించాలి" అన్న అర్థంలో 5వ సెక్షన్ ఉంటుంది. అంటే సొసైటీ తానే ఒక మనిషిలా ఆస్తి పెట్టుకుంటుందని ఆ చట్టం తిన్నగా చెప్పలేదు. ఢిల్లీలోని ఆయుర్వేదిక్, యునానీ టిబ్బియా కాలేజీ కేసులో సుప్రీంకోర్టు 1961లోనే తేల్చేసింది, 1860 చట్టం కింద రిజిస్టరైన సొసైటీ కార్పొరేషన్ కాదని. మీ పెద్దవాళ్లు 1994లో సేల్ డీడ్‌లో అధ్యక్షుడి పేరు రాయించడానికి వెనక ఈ అయోమయమే ఉంది. వాళ్ల అమాయకత్వం అనుకోకండి, చట్టమే అలా ఉండేది.

2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో నడిచిన 1860 చట్టం, తెలంగాణలో నడిచిన 1350 ఫస్లీ చట్టం రెండింటి స్థానంలో ఇది వచ్చింది, పాతవాటి కింద రిజిస్టరైన సంఘాలు దీని కింద రిజిస్టరైనట్టే లెక్క. ఈ చట్టం సంఘాన్ని బాడీ కార్పొరేట్ అని స్పష్టంగా చెప్పింది. సంఘానికి తన పేరు ఉంటుంది, తన ముద్ర ఉంటుంది, సభ్యులు మారినా పోయినా సంఘం కొనసాగుతుంది, తన పేరున ఆస్తి కొనొచ్చు, ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు, దావా వేయొచ్చు. కాబట్టి సర్వేయర్ గారికి జవాబు ఇది: సంఘం అంటే సంఘమే. రికార్డులో ఎక్కాల్సింది సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. ఆధార్ సంతకం పెట్టే కార్యదర్శిది కావచ్చు, కానీ అది ఆయన ఎవరో గుర్తించడానికే తప్ప ఆయనకు హక్కు ఇవ్వడానికి కాదు. ఈ తేడా వాళ్లు పట్టించుకోకపోతే రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నోటి మాట రీసర్వేలో నిలబడదు.

ఇప్పుడు 12 సెంట్లు. దానపత్రం రిజిస్టర్ కాలేదు, పైగా ఇచ్చే నాటికి సంఘం రిజిస్టరే కాలేదు, కాబట్టి దానం ద్వారా హక్కు వచ్చిందని నేనైతే వాదించను. నా వాదన ఇలా ఉంటుంది: 1987లో దాత ఇచ్చేశాను అని రాసి వెళ్లిపోయారు, ఆ రోజు నుంచీ సంఘం సొంతదారుగానే ఉంది, బిల్డింగు కట్టింది, పన్ను కట్టింది, మీటరు పెట్టించుకుంది, దాత గాని ఆయన పిల్లలు గాని ఒక్కసారి అడ్డు చెప్పలేదు. 1963 కాలపరిమితి చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం 12 ఏళ్లు అలా సొంతదారుగా, బహిరంగంగా, ఎడతెగకుండా ఉంటే అసలు యజమాని హక్కు పోతుంది. రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో 2019లో సుప్రీంకోర్టు, ఇలా వచ్చిన హక్కుతో ప్రతివాదిగానే కాదు వాదిగా కూడా కోర్టుకి వెళ్లొచ్చని చెప్పింది.

మనవడి వకీలు ఏమంటాడో కూడా వినండి. "మా తాత వాడుకోమని ఇచ్చారు, అనుమతితో ఉన్నవాడికి ఎన్నేళ్లున్నా హక్కు రాదు" అంటాడు. నిజంగా అది అనుమతే అయితే వాడి మాట నెగ్గుతుంది. మీ తెల్లకాగితం పనికొచ్చేది ఇక్కడే. రిజిస్టర్ కాని దస్తావేజుతో హక్కు నిరూపించలేం గానీ, స్వాధీనం ఏ రకంగా వచ్చిందో చూపించడానికి దాన్ని కోర్టు చూడొచ్చు. "శాశ్వతముగా ఇచ్చివేసితిని" అన్న మాట వాడుకోమన్నట్టు లేదు, వదులుకున్నట్టు ఉంది. కాకపోతే స్టాంపు లేని కాగితాన్ని ఆ పనికి చూపించాలన్నా ముందు స్టాంపు డ్యూటీ, దాని మీద పది రెట్ల జరిమానా కట్టమంటారు. అప్పటి విలువ మీద కాబట్టి భయపడేంత ఉండదు, కానీ కోర్టులో కాగితం బయటికి తీసే ముందే ఇది మనసులో పెట్టుకోండి.

అది అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు డి-పట్టాతో ఇచ్చిన భూమి) కాదని మాత్రం ముందు తేల్చుకోండి. డి-పట్టా అయితే 1977 చట్టం ప్రకారం దాత ఇవ్వడానికే వీల్లేదు, అప్పుడు కథ పూర్తిగా వేరు. అసలు యజమాని ప్రభుత్వమే అయితే 12 ఏళ్లు కాదు, 30 ఏళ్ల లెక్క చూస్తారు.

సర్వే గురించి ఒక్క మాట. 1923 సర్వే, హద్దుల చట్టం కింద జరిగే సర్వే హద్దులు తేలుస్తుంది, హక్కు తేల్చదు. టైటిల్ ప్రభుత్వమే తేల్చి రాసే పద్ధతి కోసం తెచ్చిన 2022 ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు. కాబట్టి సర్వేలో మనవడి పేరు పడినంత మాత్రాన స్థలం పోయిందని కుంగిపోవద్దు, అలాగని ఊరుకోనూ వద్దు. మ్యుటేషన్ మీద తహసీల్దారు దగ్గర అభ్యంతరం పెట్టండి, అక్కడ వ్యతిరేకంగా వస్తే ఆర్డీవో దగ్గర అప్పీలుంది. మీ మునసబు కోర్టులో కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న ముందస్తు అర్జీ) కూడా వేయండి, 90 రోజులు పనిచేస్తుంది. మీకు చెప్పకుండా ఇంజంక్షన్ తెచ్చుకుని ఆ అబ్బాయి జిమ్ముకి తాళం వేసే దారి మూసుకుపోతుంది.

సర్పంచ్ గారి మాట గురించి: మీరు చెప్పిన ఊళ్లో బాగానే జరిగి ఉండొచ్చు, కాదనను. కానీ చందాలు వేసుకుని కట్టింది సంఘం, దాత కాగితంలో రాసింది సంఘం పేరు. ఒకసారి పంచాయతీ ఆస్తి అయ్యాక అక్కడ ఏం కట్టాలో నిర్ణయించేది ఆ ఏడాది పంచాయతీ తీర్మానం. పిల్లలు అడుక్కోవాల్సి వస్తుంది. నేనైతే ఇవ్వమని చెప్పను.

మానేరు_ఒడ్డు

మాది కరీంనగర్ వైపు. మా దగ్గర కూడా ఇదే లొల్లి అయింది గానీ వేరే రకంగా. మా యువజన సంఘం బిల్డింగ్ గ్రామకంఠంలో ఉంది, అంటే పట్టా ఉండదు, సర్వే నంబరు ఊరంతటికీ ఒక్కటే. సంఘం పేరున కాగితం ఏదీ లేదు, ఇంటి నంబరు, పన్ను రసీదులు మాత్రం ఉన్నాయి. సంఘం పేరున దస్తావేజు చేయించుకుందామని పోతే ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని తిప్పి పంపారు. మా అన్నల్లో ఒకాయన పట్టు వదలకుండా తిరిగితే తెలిసిందేంటంటే, ఎవరో ఆ నంబరు మొత్తాన్ని సర్కారు భూమి కింద రాసి పంపారు, ఏ క్లాజు కింద పెట్టారో కూడా లేదు. 2015లో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 22ఎ మీద ఇచ్చిన తీర్పులో జాబితా పంపేటప్పుడు ఏం పాటించాలో ఉంది, దాన్ని చూపించి రాసిస్తేగాని కదల్లేదు.

అడిగిన అన్నకి నేను చెప్పేది ఒకటే. మాకు పనికొచ్చినవి సేల్ డీడ్లు కావు, మా పాత మినిట్స్ పుస్తకాలు. ఫలానా తేదీన ఇటుక కొన్నాం, సిమెంటు ఎవరు ఇచ్చారు, కూలి ఎంత, ఎవరు ఎంత చందా వేశారు అన్నీ రాసి ఉన్నాయి. చెదలు పట్టిన పుస్తకమే అయినా అందులో సగం మంది సంతకాలు కనిపించాయి. మీ పుస్తకాలు ఎక్కడున్నాయో వెతకండి అన్నా, ముందు ఆ పని.

గట్టుమీద_కుర్రాడు

అందరికీ చాలా చాలా థాంక్స్. మానేరు ఒడ్డు అన్నా, మీ పోస్టు చదివిన సాయంత్రమే పాత కార్యదర్శి గారింటికి పోయి అడిగితే అటక మీద నుంచి రెండు పుస్తకాలు దించారు. 1994 నాటి తీర్మానం దొరికింది! "సంఘ నిధుల నుండి పక్క స్థలము నాలుగు సెంట్లు కొనుటకు, అధ్యక్షుల వారు సంఘము తరఫున దస్తావేజు పొందుటకు అధికారమిచ్చుచు" అని ఉంది. సంఘం బ్యాంకు పాసు పుస్తకంలో అదే వారంలో డబ్బు తీసినట్టు ఎంట్రీ ఉంది. క్యాష్ బుక్కులో దస్తావేజు ఖర్చులు కూడా విడిగా రాశారు, స్టాంపులు, రాతకూలి, బస్సు చార్జీలతో సహా.

వకీలు గారూ, మీరు చెప్పినట్టు కేవియట్ రేపే వేయిస్తాను. 12 సెంట్లు డి-పట్టా కాదు, దాత గారికి తండ్రి నుంచి వచ్చిన జిరాయితీ (సొంత పట్టా భూమి), పాత అడంగల్ (ఊరి భూముల, సాగు రికార్డు) చూసి నిర్ధారించుకున్నాం. అధ్యక్షుడి గారి అబ్బాయి ఫోన్లో మాట్లాడారు. అక్కతో కూడా చెప్పి సంతకం పెట్టిస్తానన్నారు. కానీ ఒక భయం వ్యక్తం చేశారు, ఇలా నాన్న పేరున సంఘం డబ్బుతో కొన్నారని రాస్తే అది బినామీ అవుతుందా అని. నాకు కూడా గుండె ఝల్లుమంది.

సభ్యత్వం, జాబితాల సంగతి కూడా చెప్పండి. సంతకం పెట్టించుకోవడానికి సంఘం తరఫున నిలబడేదెవరు?

మెట్ట_వకీలు

ఆ తీర్మానం, పాసు పుస్తకం ఎంట్రీ కలిపి చూస్తే 4 సెంట్ల మీద మీ కేసు గట్టిది. బినామీ భయం అక్కర్లేదు. 1988 బినామీ చట్టాన్ని 2016లో సవరించినప్పుడు కూడా, నమ్మకం మీద ఇంకొకరి మేలు కోసం ఆస్తి పట్టుకున్నవాళ్లకు మినహాయింపు ఉంచారు. సంఘం అధికారమిచ్చిన అధ్యక్షుడు సంఘం కోసం పట్టుకున్నది ఆ మినహాయింపులోకి వస్తుందనే నేను వాదిస్తాను. దస్తావేజులో ఆ తీర్మానం తేదీ, నంబరు తప్పకుండా రాయించండి.

సభ్యత్వం దగ్గర కాస్త జాగ్రత్త. కుర్రాళ్లందరూ కూర్చుని మేమే కమిటీ అని రాసుకుంటే చెల్లదు. బైలా ప్రకారం చేర్చుకున్నవాడే సభ్యుడు. ఇప్పుడు ఉన్నది ఐదుగురు పాత సభ్యులు, వాళ్లకు వయసు దాటింది. వయసు దాటగానే సభ్యత్వం దానంతట అదే పోతుందని మీ బైలాలో రాసుందా, లేక చేరేటప్పటి వయసు మాత్రమే రాసుందా, ఆ వాక్యం చదివి ఇక్కడ పెట్టండి. చేరేటప్పటి వయసే అయితే ఆ ఐదుగురు ఇంకా సభ్యులే. వాళ్లే నోటీసు ఇచ్చి సర్వసభ్య సమావేశం పెట్టి, మిమ్మల్ని సభ్యులుగా చేర్చుకుని, చందా రసీదులు ఇచ్చి, ఆ తర్వాత కొత్త కమిటీని ఎన్నుకోవాలి. ఈ వరస తప్పకూడదు. కోర్టులో మొదటి ప్రశ్న ఈ కమిటీ ఎక్కణ్నుంచి వచ్చింది అనే.

జాబితాలు దాఖలు చేయనంత మాత్రాన సంఘం చచ్చిపోదు. రద్దు కావాలంటే దానికి వేరే పద్ధతి ఉంది. పాత సంవత్సరాలవన్నీ కలిపి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయండి, ఆలస్యానికి ఫీజు అడిగితే కట్టేయండి. సభ్యుల మధ్యే గొడవ వస్తే 2001 చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి గాని జిల్లా కోర్టుకి గాని వెళ్లే దారి ఉంది, కానీ అంతదాకా రానివ్వకండి. ఇంకొకటి, మీలో ఎవరికైనా ఎప్పటికైనా పంచుకుందాం అన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తుడిచేసుకోండి. సంఘం రద్దయినా ఆస్తి సభ్యులు పంచుకునేది కాదు, అలాంటి ఆశయాలున్న వేరే సంఘానికి పోవాల్సిందే.

నాకు ఎప్పటి నుంచో మనసులో ఉన్న మాట కూడా చెబుతాను. 2001 చట్టం సంఘాన్ని బాడీ కార్పొరేట్ చేసింది, మంచిదే. కానీ అంతకు ముందు అధ్యక్షుల పేర్లతో, కార్యదర్శుల పేర్లతో కొన్న స్థలాలు సంఘాలకి ఎలా రావాలో ఒక తేలిక దారి పెట్టలేదు. తీర్మానం, బ్యాంకు పుస్తకం చూపిస్తే జిల్లా రిజిస్ట్రార్ విచారించి, వారసులకు నోటీసు ఇచ్చి, అభ్యంతరం లేకపోతే నామమాత్రపు ఫీజుతో సంఘం పేరున ఎక్కించేలా ఒక్క సెక్షన్ చేర్చితే చాలు. మా కోర్టులోనే ఇలాంటి దావాలు ఏళ్లకేళ్లు నడుస్తున్నాయి. యువజన సంఘాలు, రజక సంఘాలు, పాత గ్రంథాలయాలు, అన్నిటిదీ ఇదే అవస్థ. వారసులు మంచివాళ్లయి రాసిద్దామన్నా, కుటుంబంలో ఇచ్చుకునేదానికి ఉన్న స్టాంపు డ్యూటీ తగ్గింపు సంఘానికి ఇస్తే వర్తించదు. ఎమ్మెల్యేల చుట్టూ క్రికెట్ కిట్ల కోసం తిరిగే సంఘాలు ఈ సవరణ కోసం ఒక్క వినతిపత్రం ఇస్తే ఎంత బాగుండును.

మాజీ_సర్పంచ్

వకీలు గారు చెప్పింది విన్నాక నా మాట కొంచెం మారుస్తున్నా. కమిటీ సరిగ్గా నిలబడేట్టయితే సంఘం పేరునే ఉంచుకోండి. కానీ పంచాయతీతో గొడవ పెట్టుకోకండి తమ్ముడూ. ఈ స్థలం సంఘానిదే, పంచాయతీకి ఏ హక్కూ లేదని ఒక తీర్మానం గాని, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు నకలు గాని 1988 నుంచి తీసుకోండి. ఆ రిజిస్టర్లు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటాయి, అర్జీ పెట్టి నకలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పెట్టండి. వాళ్ల రికార్డే వాళ్ల నోరు మూయిస్తుంది.

గట్టుమీద_కుర్రాడు

బైలా చూశాను. "15 సంవత్సరములు నిండి 35 సంవత్సరములు మించని గ్రామ నివాసులు సభ్యులుగా చేరుటకు అర్హులు" అని ఉంది. సభ్యత్వం పోయే కారణాల్లో రాజీనామా, మరణం, చందా బకాయి మాత్రమే ఉన్నాయి, వయసు లేదు.

మెట్ట_వకీలు

అయితే బతికాం. చేరడానికే వయసు, ఉండడానికి కాదు. మీ ఐదుగురు పెద్దలు సభ్యులే. చందా బకాయి అని ఎవరూ వంక పెట్టకుండా ముందు వాళ్ల చందాలు కట్టించి రసీదులు రాయండి. తర్వాత నోటీసు, సమావేశం. నోటీసు బోర్డుకి అంటించి ఫొటో తీయండి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి.

పాత_దస్తావేజు

వారసులు రాసిచ్చే దస్తావేజులో పుచ్చుకునేవారి చోట ఇలా రాయించండి: "ఫలానా గ్రామ యువజన సంఘము, రిజిస్టర్డ్ నంబరు ఇంత, 1988, తరఫున, ఫలానా తేదీ సర్వసభ్య సమావేశ తీర్మానము ద్వారా అధికారము పొందిన కార్యదర్శి ఫలానా". సంఘం ముందు, మనిషి వెనక. కార్యదర్శి తండ్రి పేరు, వయసు ఆ తర్వాతే. షెడ్యూల్లో పాత సర్వే నంబరుతో పాటు రీసర్వేలో వచ్చిన ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు రెండూ వేయించండి. సంఘం పేరున పాన్ కార్డు తీసుకున్నాకే స్లాట్ బుక్ చేయండి. లేకపోతే అక్కడ మళ్లీ కార్యదర్శి సొంత పాన్ ఇమ్మంటారు, రేపు ఈసీలో ఎవరి పేరు కనబడుతుందో మీకే తెలుసు.